రైతు కాపురపు ఇల్లు, బాకీ తాకట్టు: సంతకమునకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

పంట కళ్లము చేరి, ధాన్యము అమ్ముడైన పిమ్మట సాహుకారుతో లెక్క చూచుకొనుట మన గ్రామములలో పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. పంట చాలని సంవత్సరమున ఆ లెక్క తెగదు. అట్టి సమయమున అప్పిచ్చినవాడు సాధారణముగా గద్దింపడు, మెత్తగానే మాటలాడును. "పటేలా, నీవెక్కడికి పోవుదువు, నేనెక్కడికి పోవుదును? సొమ్ము ఇప్పుడే తెమ్మని నేననుట లేదు. పాత నోటు చింపివేసి, ఇంటిమీద ఒక దస్తావేజు వ్రాసికొందము. నాకును కొంత ధైర్యముగా నుండును" అనును. గడువు దొరికినదను సంతోషముతో రైతు తల యూపును. అప్పు చేసిన దినముకంటెను, నోటీసు వచ్చిన దినముకంటెను, ఈ సంతకము చేసిన దినమే రైతునకు ఎక్కువ నష్టము తెచ్చుచున్నది. ఎట్లనగా, ఆ నాటివరకు ఆ యింటికి చట్టము కాపలాగా నున్నది. సంతకముతో ఆ కాపలాను రైతే స్వయముగా తొలగించుచున్నాడు.

ఆ కాపలా యెట్టిదో మొదట తెలిసికొనవలెను. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను, డిక్రీ బాకీకై జప్తు చేయుటకును అమ్ముటకును వీలులేని ఆస్తులను పేర్కొనుచున్నది. వ్యవసాయదారునికి చెందినదై, అతడు కాపురముండు ఇల్లును, తక్కిన కట్టడములును, వాని సామగ్రియు, వాని క్రింది స్థలమును, వాని యనుభవమునకు అవసరమై ఆనుకొనియున్న దొడ్డియు అందులో చేరియున్నవి. సేద్యపు పనిముట్లు, జీవనము సాగించుటకు అవసరమని న్యాయస్థానము తలచిన పశువులు, విత్తనపు ధాన్యము కూడ జప్తునకు లోబడవు. వంటపాత్రలను, పడకలను, కట్టుబట్టలను, ఆచారమునుబట్టి స్త్రీ విడువరాని మంగళసూత్రము వంటి ఆభరణములను డిక్రీదారుడు ముట్టరాదు. ఈ రక్షణను వదలుకొంటినని రైతు వ్రాసి యిచ్చినను ఆ కరారు చెల్లదని 1976 సవరణ చట్టము నిర్ణయించినది. హైదరాబాదు సంస్థానమునకు పూర్వము ప్రత్యేక చట్టములుండెడివి. 1951 ఏప్రిలు 1వ తేదీనుండి ఈ కోడు తెలంగాణ ప్రాంతమునకును వర్తించుచున్నది.

కావున చేబదులుగా గాని, ప్రోనోటుమీద గాని తెచ్చిన సొమ్మునకై సాహుకారు దావా వేసి గెలిచినను, సేద్యగాని కాపురపు ఇంటిని హర్రాజు వేయింపజాలడు. పొలమును జప్తు చేయింపవచ్చును. ఈ సంగతిని దాచుట మంచిది కాదు. బాకీ బాకీయే, ఇంటికి రక్షణ యున్నంతమాత్రమున ఋణము తీరిపోదు.

తాకట్టు సంగతి వేరు. తాకట్టు డిక్రీలో జప్తుతో పనిలేదు. ఏ ఆస్తి కట్టువడినదో ఆ ఆస్తినే అమ్ముమని న్యాయస్థానము ఆజ్ఞాపించును. "నేను సేద్యగాడను, ఇది నా కాపురపు ఇల్లు" అను జవాబు అచ్చట సాధారణముగా నిలువదు. బ్యాంకుల తాకట్టు బాకీల వసూలునకై 2002లో చేయబడిన సర్ఫేసీ చట్టము ఈ భేదమును స్పష్టముగనే చెప్పినది. 60వ సెక్షను కాపాడు ఆస్తుల జోలికి ఆ చట్టము పోదు; కాని ఆ బాకీకే ప్రత్యేకముగా కట్టుపెట్టిన ఆస్తికి ఈ మినహాయింపు లేదు. అదే చట్టము వ్యవసాయభూమిమీది తాకట్టును మినహాయించినది, ఇంటిని మినహాయింపలేదు. అనగా ఒకే బ్యాంకునకు పొలమును ఇంటిని రెండింటిని కట్టిన రైతునకు, పొలముకంటె ముందు ఇల్లే చేజారవచ్చును. ఇల్లు చిన్నది, దానికి వెల యేమి వచ్చునని తలచి దానిని తేలికగా కట్టువారు ఈ మాట మరల నొకసారి చదువుకొనవలెను.

పట్టా పేరున నున్నంతమాత్రమున ఈ రక్షణ లభింపదు. స్వయముగా సేద్యము చేయుచు, ముఖ్యముగా ఆ రాబడిమీదనే జీవించువాడే వ్యవసాయదారుడని 1976 వివరణ చెప్పుచున్నది. తన కష్టముతో దున్నినను, కుటుంబీకులు పనిచేసినను, నగదుగా గాని ధాన్యముగా గాని కూలి యిచ్చి జీతగాండ్రచేత చేయించినను అది స్వయం సేద్యమే. పంటలో భాగమునే కూలిగా ఇచ్చినచో కాదు. కావున పొలమంతయు పాలునకిచ్చి, పట్టణమున దుకాణము నడుపుకొను పట్టాదారునకు ఈ రక్షణ దొరకుట కష్టము. అతని పొలమును కౌలునకు తీసికొని దున్నుచున్నవానికి మాత్రము గలదు. నాలుగైదెకరములైనను తమ చేతి సేద్యమున నుంచుకొని, రాబడిలో ముఖ్యభాగము దానినుండియే పొందువారు ఈ విషయమున ధైర్యముగా నుండవచ్చును.

ఇల్లు కట్టువడు త్రోవలు

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, 100 రూపాయలకు గాని అంతకు మించిన సొమ్మునకు గాని తాకట్టు చేయవలెనన్న దస్తావేజు రిజిస్టరు కావలెను, కనీసము ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. రిజిస్టరు కాని తెల్లకాగితముమీదను, స్టాంపు కాగితముమీదను "ఇల్లు కట్టితిని" అని వ్రాసినంతమాత్రమున తాకట్టు ఏర్పడదు. ఒక మినహాయింపు గలదు. ప్రభుత్వము ప్రకటించిన పట్టణములలో, బాకీకి భద్రముగా హక్కుపత్రములను ఋణదాత చేతికిచ్చినచో, అదియే తాకట్టగును. పత్రములు పట్టణమున చేతులు మారిన చాలును, ఇల్లు గ్రామమున నున్నను ఫరవాలేదు. "కాగితములు నా పెట్టెలో నుండనిమ్ము, నీ యింటిలో చెదలు పట్టును" అను మాటకు లొంగి హక్కుపత్రములను ఎవరికిని అప్పగింపరాదు. గ్రామకంఠములోని ఇండ్లకు చాలకాలము సరియైన పత్రములే లేకుండెను. అది ఒక విధముగా రక్షణయే యయ్యెను. 2020లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన స్వామిత్వ పథకము క్రింద, అమలైన చోట్ల, అట్టి ఇండ్లకును ఆస్తికార్డులు లభించినవి. కార్డు కలిగియుండుట మేలే. అయితే ఇంటికి పత్రము వచ్చినదనగా, ఆ యిల్లు తాకట్టునకు అనువైనదని కూడ అర్థము.

అన్నిటికంటె ప్రమాదకరమైనది క్రయదస్తావేజు. "తాకట్టు దస్తావేజైన కోర్టు జంజాటము. పేరునకు అమ్మినట్లు వ్రాయుము. సొమ్ము తెచ్చిన నాడు తిరిగి నీ పేర వ్రాసి యిచ్చెదను" అని ఋణదాత చెప్పును. సాహుకారు మంచివాడే కావచ్చును. అతడు గతించిన పిమ్మట అతని కుమారులకు ఆ మాటతో సంబంధమేమి? తిరిగి ఇచ్చు షరతు ఆ క్రయదస్తావేజులోనే వ్రాయబడి యుండవలెననియు, లేనిచో దానిని షరతు విక్రయపు తాకట్టుగా నెంచరాదనియు 1929 సవరణ చట్టము శాసించినది. వేరొక కాగితముమీద వ్రాసికొన్న షరతు తిరిగి కొనుటకు ఒప్పందము మాత్రమే యగును. అందలి గడువును న్యాయస్థానములు కఠినముగా పాటించును. నోటిమాటయైనచో నిరూపించుట మిక్కిలి కష్టము.

తాకట్టునకును అమ్మకమునకును గల భేదమును లెక్కతో చూడుడు. 10 లక్షల వెలగల ఇల్లు 3 లక్షల బాకీకి తాకట్టులో నున్నదనుకొందము. హర్రాజులో 8 లక్షలు పలికినను, బాకీ, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలినది రైతునకు రావలెను. అదే ఇల్లు 3 లక్షలకు అమ్మినట్లు వ్రాసియున్నచో, మిగిలినది అను మాటయే లేదు. పైగా అమ్మినట్లు వ్రాయించుకొన్నవాడు చాలసార్లు కిరాయినామా కూడ వ్రాయించుకొనును. తన యింటిలోనే రైతు కిరాయిదారుడగును; ఇల్లు అతనికి చెందినది కాదు గనుక 60వ సెక్షను రక్షణయు పోవును. అమ్మకపు అగ్రిమెంటు, ముక్తారునామా వ్రాయించుకొనువారి యుద్దేశమును ఇదే విధముగా అనుమానింపవలెను.

ఖాళీ కాగితముమీద సంతకము చేయుట వేరొక జాడ్యము. 1881వ సంవత్సరపు చట్టముననుసరించి, సంతకము చేసిన ఖాళీ స్టాంపు నోటును చేతికిచ్చినవాడు, దానిని నింపుకొనుటకు అధికారమిచ్చినట్లే మొదట భావింపబడును. సంతకము నాదే, అంకెలు నావి కావను వాదమును నిరూపింపవలసిన భారము రైతుమీద పడును.

రాజీ డిక్రీని గూర్చి యొక మాట. దావా నడుచుచుండగా లోక్ అదాలతులో రాజీ చేసికొనుట మంచిదే, ఖర్చు తగ్గును. అయితే అచ్చటి తీర్పు డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు. వాయిదాల పట్టికను మాత్రమే చూచి సంతకము చేయక, "ఈ సొమ్మునకు ప్రతివాది ఇల్లు బాధ్యమై యుండును" అను పంక్తి గలదేమో చదివించుకొని, ఉన్నచో కొట్టివేయింపవలెను.

కాగితపు బలము ఎట్టిదో పూర్వపు రైతులకు తెలియని సంగతి కాదు. 1875 మే నెలలో పూనా జిల్లాలోని సూపా గ్రామమున ఆరంభమై, పూనా, అహమ్మదునగరు జిల్లాలలో వ్యాపించిన దక్కను అల్లరులలో రైతులు ముఖ్యముగా వెదకి తగులబెట్టినవి సాహుకార్ల యొద్దనున్న పత్రములు, డిక్రీలు. దాని ఫలితముగా 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టము వచ్చినది. నేటి రైతు కాగితమును కాల్చవలసిన పని లేదు, అక్కరలేని కాగితము వ్రాయకున్న చాలును.

సాహుకారునకు ఏమని చెప్పవలెను

ఋణదాత కోరికలో న్యాయమైన భాగమొకటి గలదు. గడువు వ్రాయని ప్రోనోటునకు వ్రాసిన తేదీనుండి 3 సంవత్సరములు మియాదు. అది దాటినచో అతని దావా చెల్లదు. అందుచేతనే మూడవ సంవత్సరము ముగియుచుండగా అతడు తొందరపెట్టును. ఈ భయమును తీర్చుటకు ఇల్లు కట్టనక్కరలేదు. మియాదు లోపల కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లును పాత నోటు వెనుక వ్రాసి రైతు సంతకము చేసినచో, ఆ తేదీనుండి మరల 3 సంవత్సరములు మియాదు లభించును. కావున జవాబిది: "నీ మియాదు పోనీయను. ఇదిగో ఇంత సొమ్ము, చెల్లు వ్రాసి సంతకము చేసెదను. ఇంటిమీద మాత్రము వ్రాయను." సొమ్ము రాబట్టుకొనుటయే ఉద్దేశమైనవాడు దీనికి ఒప్పుకొనును. ఒప్పుకొననివానికి ఇంటిమీదనే కన్నున్నదని తెలియును.

చెల్లు వ్రాయుటకును కొత్తనోటు వ్రాయుటకును వడ్డీలో కూడ భేదము గలదు. లక్ష రూపాయలు, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. 3 సంవత్సరములకు వడ్డీ 72,000. కొత్తనోటు వ్రాసినచో 1,72,000 అసలగును. మరి 3 సంవత్సరములకు దానిమీద 1,23,840 వడ్డీ చేరి, మొత్తము 2,95,840 తేలును. పాత నోటే నిలిచియున్నచో ఆరు సంవత్సరములకు అసలు వడ్డీ కలిసి 2,44,000. వడ్డీని అసలులో కలుపుటచేత పడిన అధికభారము 51,840 రూపాయలు. తప్పనిసరిగా కొత్తనోటు వ్రాయవలసివచ్చినచో పాతనోటును ఎదుటనే తిరిగి తీసికొనవలెను; లేనిచో ఒక్క బాకీ రెండు బాకీలగును. మియాదు దాటిన బాకీకి కొత్తగా వ్రాసి యిచ్చిన వాగ్దానము చెల్లును గనుక, తేదీ చూడక దేనిమీదను సంతకము చేయరాదు.

మా యభిప్రాయములో, బాకీ నిజముగా తీరనంత పెరిగినప్పుడు ఇల్లు కట్టి గడువు కొనుటకంటె, వెల బాగున్న సమయమున కొంత భూమిని స్వయముగా అమ్మి బాకీ తెంపుకొనుట మేలు. రైతులకు ఈ మాట కటువుగా దోచును. ఎకరము పోయినదని నలుగురిలో చిన్నతనమని తలచి ఇంటిని రహస్యముగా కట్టువారు పెక్కుమంది. గడువునకు తలయొగ్గి అమ్మిన భూమికి వెల రాదు. తానుగా ముందు బేరము పెట్టినవానికి వచ్చును.

బాకీ ఎగవేయుటకై ఇంటిని భార్యపేర, బావమరది పేర మార్చువారు మరియొక తప్పు చేయుచున్నారు. ఋణదాతలను మోసగించుటకై చేసిన బదిలీని రద్దు చేయించుకొను హక్కు ఆస్తి బదిలీ చట్టపు 53వ సెక్షను వారికిచ్చినది. కాపురపు ఇంటికి చట్టమే రక్షణ యిచ్చుచుండగా ఈ మాయతో పనియేమి? మొదటినుండి భార్య స్వంత సొమ్ముతో ఆమె పేర నున్న ఇల్లు వేరు. ఆమె సంతకము చేయనంతవరకు అది భర్త బాకీకి బాధ్యము కాదు. ఆమెను "సాక్షిగా" సంతకము చేయుమని పిలిచినప్పుడు, సాక్షియో, జామీనుదారో, తాకట్టుదారో చదివి చూడవలెను.

బ్యాంకు పంటఋణమును గూర్చి తెలియనివారు పలువురు. 2025 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకును దాని అనుబంధ వృత్తులకును ఒక్కొక్క రైతునకు 2 లక్షల రూపాయలవరకు ఋణమును తాకట్టు లేకుండ ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. అంతకు పూర్వమీ పరిమితి 1,60,000. ఆ మొత్తమునకు ఇంటి పత్రములు తెమ్మని యడిగినచో ఈ ఆదేశమును చూపవలెను. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ ఋణ పరిశీలనలో రైతుల ఋణములో సహకార సంఘముల భాగము నూటికి 3 పాళ్లు మాత్రమే, వాణిజ్య బ్యాంకుల భాగము నూటికి ఒక పాలైనను లేదు. ఆనాటి రైతునకు సాహుకారు గడప తప్ప వేరు త్రోవ లేకుండెను. నేడు గలదు, దానిని ముందుగా త్రొక్కి చూడవలెను.

సమను, జప్తు వచ్చినప్పుడు

సమను వచ్చినప్పుడు "నీవు రానక్కరలేదు, మనలో మనము చూచుకొందము" అను మాట నమ్మి ఇంట కూర్చుండువారిమీద ఏకపక్ష డిక్రీలు పుట్టుచున్నవి. అట్టి డిక్రీని రద్దు చేయుమని కోరుటకు గడువు 30 దినములే. వకీలును పెట్టుకొనజాలనివారు, ముఖ్యముగా స్త్రీలు, షెడ్యూల్డు కులములు తెగలవారు, 1987 చట్టము క్రింద ఏర్పడిన న్యాయసేవా సంస్థలో ఉచిత సహాయమును కోరవచ్చును.

డిక్రీదారుడు కాపురపు ఇంటిని జప్తునకు చూపినచో, నోటీసు అందిన వెంటనే అభ్యంతరము వ్రాసి దాఖలు చేయవలెను. హర్రాజు వరకు ఊరకుండి పిమ్మట మొర పెట్టుకొన్న వినుట కష్టము. పహాణీ లేక అడంగలు, పట్టాదారు పాసుపుస్తకము, ఇంటిపన్ను రసీదులు, ధాన్యము అమ్మిన చీటీలు తీసికొని పోవలెను. స్వయముగా సేద్యము చేయుట, ఆ యింట కాపురముండుట, రాబడి సేద్యమునుండియే వచ్చుట, ఈ మూడును వానివలన తేటపడవలెను. చేనిమీది పంటను తీర్పునకు ముందుగనే జప్తు చేయింపవలెనని వాది కోరినచో, వ్యవసాయదారుని స్వాధీనములోని పంటను అట్లు చేయరాదని అదే కోడులోని 38వ ఆర్డరు చెప్పుచున్నది.

పొలమో ఇల్లో అప్పటికే హర్రాజైనను, ఆశ తెగలేదు. అమ్మకము స్థిరపడకముందే డిక్రీ సొమ్మును, కొన్నవానికై వెలలో నూటికి 5 వంతున అధికమును దాఖలు చేసి, అమ్మకమును రద్దు చేయించుకొనవచ్చును. సాధారణ డిక్రీలో దీనికి గడువు అమ్మకపు తేదీనుండి 60 దినములు.

ఇదివరకే ఇల్లు కట్టినవారికి

తాకట్టు ఎన్నడును తాకట్టే. గడువు దాటినచో ఇల్లు ఋణదాతదే యగునని తాకట్టు పత్రమున వ్రాసియున్నను, సొమ్ము చెల్లించి విడిపించుకొను హక్కు పోదు. దీనికి 1963 మియాదు చట్టము 30 సంవత్సరములు గడువిచ్చినది. ఇంటి స్వాధీనమే ఇచ్చి, అనుభవమును వడ్డీ క్రింద జమకట్టుకొనుమన్న భోగ్యపు తాకట్టులో, వ్రాసిన తేదీనుండి 30 సంవత్సరములు గడచినంతమాత్రమున ఈ హక్కు నశింపదని సుప్రీముకోర్టు 2014లో తీర్పు చెప్పినది. తాతలనాడు భోగ్యమునకిచ్చిన ఇండ్లు, దొడ్లు గలవారు ఆ పత్రములు వెదకి చూచుకొనుట మంచిది. సొమ్ము తెచ్చినను సాహుకారు పుచ్చుకొనక జాగుచేయుచున్నచో న్యాయస్థానమున దాఖలు చేయవచ్చును. సరియైన మొత్తము దాఖలై, విధిగా నోటీసు అందిన పిమ్మట వడ్డీ ఆగును.

బ్యాంకు సర్ఫేసీ నోటీసు పంపినచో 60 దినముల గడువుండును. ఆ లోపల లెక్కలో తప్పులను, అభ్యంతరములను వ్రాతమూలకముగా తెలుపవలెను. బ్యాంకు 15 దినములలో జవాబియ్యవలెను. స్వాధీనమునకు దిగినచో 45 దినములలో ఋణ వసూలు ట్రిబ్యునలునకు పోవలెను. ఇట్టి ట్రిబ్యునళ్లు హైదరాబాదులోను విశాఖపట్టణములోను గలవు. బాకీ లక్ష రూపాయలకు మించనిచో, లేక అసలు వడ్డీలలో నూటికి 20 వంతులకు లోపుగా మిగిలియున్నచో, ఈ చట్టము క్రింద చర్య తీసికొనరాదు.

పిత్రార్జితమైన ఇంటిలో కుమార్తెలకును కుమారులతో సమానమైన హక్కు గలదు. ఈ హక్కు ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి అప్పటికి వివాహము కానివారికిని, దేశమంతటను 2005 సెప్టెంబరు 9 నుండి అందరికిని కలిగినది. అన్నదమ్ములే కూర్చుండి వ్రాసిన తాకట్టులో అక్కచెల్లెండ్ర వాటా చేరినదా లేదా అని వకీలుచేత చూపింపవలెను.

బాకీ పూర్తిగా తీర్చినప్పుడు బ్యాంకు 30 దినములలో అసలు పత్రములను తిరిగి ఇచ్చి, తాకట్టును తొలగింపజేయవలెను. తన తప్పుచేత ఆలస్యము చేసినచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారమియ్యవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశము 2023 డిసెంబరు 1 నుండి అమలులోనున్నది. ప్రైవేటు ఋణదాతయైనచో రసీదుతో తృప్తి చెందక, తాకట్టు విడుదల పత్రమును రిజిస్టరు చేయించుకొని, నెల గడచిన పిమ్మట సబ్ రిజిస్ట్రారు కచ్చేరిలో ఈసీ తీసి, ఇంటిమీద తాకట్టు మిగిలియున్నట్లు చూపుచున్నదేమో చూచుకొనవలెను.